అమ్మమ్మ ఊరికీ టీకాలు కావాలి

ఆఫ్రికా వెళ్లే మనిషి సూది వేయించుకోకుండా విమానం ఎక్కడు. నైజీరియాలోనో ఘనాలోనో ఉద్యోగం దొరికిన గుంటూరు కుర్రాడు పాస్‌పోర్టుతో పాటు ఎల్లో ఫీవర్ కార్డునూ భద్రంగా దాచుకుంటాడు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కో, విశాఖలోని పోర్టు హెల్త్ కార్యాలయానికో వెళ్లి, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే ఆ టీకా వేయించుకుంటాడు. కార్డు లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలో దిగగానే ఆరు రోజులు క్వారంటైన్‌లో పెడతారని అతనికి తెలుసు. పాత గుంటూరు నుంచి హజ్‌కు బయలుదేరే పెద్దవాళ్లదీ అదే తీరు. మెనింజైటిస్ టీకా పడందే వాళ్ల ప్రయాణం ముందుకు సాగదు.

అదే డల్లాస్‌లో పుట్టిన మూడేళ్ల పాప వేసవి సెలవులకు నరసరావుపేట దగ్గర అమ్మమ్మ ఊరికి వస్తోందనుకోండి. ఆమెను ఎవరూ ఏ కార్డూ అడగరు. సూట్‌కేసుల్లో చాక్లెట్లు, పెర్ఫ్యూములు, తాతయ్యకు బీపీ మిషను సర్దుతారు. టీకా మాట ఎత్తితే ఫోన్లో ఇటువైపు నుంచి ఆశ్చర్యం వినిపిస్తుంది.

"మన ఊరు రావడానికి టీకాలేంటే? నువ్వు పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే. నీకేమైంది?"

"నేను పెరిగానమ్మా. అది పెరగలేదుగా."

కూతురి జవాబులోనే ఈ కథనం మొత్తం ఉంది. గుంటూరు భూమధ్యరేఖకు ఉత్తరాన 16 డిగ్రీల దగ్గర ఉంది. కర్కాటక రేఖ ఇంకా పైన, 23న్నర డిగ్రీల దగ్గర ఉంది. అంటే మన పత్తి చేలు, మిర్చి కల్లాలు, అమ్మమ్మ పెరడు అన్నీ ఉష్ణమండలంలోనే ఉన్నాయి. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో పుట్టిన పిల్లల ఒంటికి మన నీళ్లూ మన దోమలూ పూర్తిగా కొత్త. మనకు ఎంత సొంత ఊరైనా వాళ్ల రక్తంలో ఆ పరిచయం ఉండదు. ఇంకో సంగతి, అక్కడికెళ్లి పదేళ్లు దాటిన తల్లిదండ్రుల్లోనూ ఆ పాత పరిచయం చాలావరకు చెదిరిపోయి ఉంటుంది. కాలేజీ రోజుల్లో బండి మీద ఏది తిన్నా అరిగించుకున్న మనిషి ఇప్పుడు అదే బండి దగ్గర తిని రెండు రోజులు మంచం దిగకపోవడానికి కారణం అదే.

విదేశాల్లో ప్రయాణికుల ఆరోగ్యం చూసే వైద్యులు ఏళ్ల తరబడి చెబుతున్న మాట ఒకటుంది. ఏ ఊరూ తెలియని పర్యాటకుడికంటే సొంతవాళ్లను చూడడానికి వెళ్లే మనిషికే టైఫాయిడ్, మలేరియా ఎక్కువగా సోకుతున్నాయి. అమెరికాలో బయటపడే టైఫాయిడ్ కేసుల్లో ఎక్కువ భాగం ప్రయాణం నుంచి వచ్చినవే. వాటిలోనూ పెద్ద వాటా మన దక్షిణాసియాకు వెళ్లొచ్చిన వాళ్లదే. పర్యాటకుడు భయం కొద్దీ ముందుగా డాక్టర్ను కలుస్తాడు, సీసా నీళ్లే తాగుతాడు, పదిరోజుల్లో వెళ్లిపోతాడు. మనవాడు నెలా రెండు నెలలు ఉంటాడు, బంధువుల ఇళ్లన్నీ తిరుగుతాడు. ఏ ఇంట్లో ఏది పెట్టినా తినాల్సిందే. వద్దంటే పెద్దమ్మకు కోపం.

జాగ్రత్త కొత్తది కాదు

ఈ నేలకు అమెరికా నుంచి రాకపోకలు ఇప్పుడు మొదలైనవి కావు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చారు. మధ్యలో అమెరికా వెళ్లి వైద్యం చదువుకుని మళ్లీ వచ్చారు. 1883లో పెన్సిల్వేనియా నుంచి డాక్టర్ అన్నా శారా కుగ్లర్ వచ్చి, గుంటూరు ఆడవాళ్ల కోసం ముందు డిస్పెన్సరీ, తర్వాత ఆసుపత్రి పెట్టారు. ఆ ఆసుపత్రిని ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తాం. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూశారు. ఆమె ఇక్కడ అడుగుపెట్టేనాటికి టైఫాయిడ్ టీకా లేదు, కలరా టీకా లేదు. దోమ కాటుతో మలేరియా వస్తుందన్న సంగతే ప్రపంచానికి తెలియదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడు, 1897 ఆగస్టు 20న.

ఆ రోజుల్లో ఇక్కడికి వచ్చినవాళ్లకు దక్కని రక్షణ అంతా ఇప్పుడు సీసాల్లో దొరుకుతోంది. అందులో కొంత తెలుగు నేల మీదే తయారవుతోంది. వాడుకోకపోవడానికి కారణం కనిపించదు.

టైఫాయిడ్: ముందు దీని సంగతి

మన పల్లెకు వచ్చే పిల్లల విషయంలో ఒక్క టీకా గురించే మాట్లాడే వీలుంటే నేను టైఫాయిడ్ టీకా గురించే మాట్లాడతాను. ఈ రోగం కలుషితమైన నీళ్ల వల్ల, చేతుల వల్ల, ఈగలు వాలిన తిండి వల్ల వస్తుంది. పైపులైను పగిలి మురుగు కలిస్తే ఏమవుతుందో గుంటూరుకు ఒకరు చెప్పక్కర్లేదు. 2018 మార్చిలో ఆనందపేటలో అతిసారం ప్రబలి పదిమందికి పైగా చనిపోయారు, వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. టైఫాయిడ్ కూడా వచ్చేది ఆ దారినే. అందుకే పట్నంలో ఉంటున్నాం కదా, ఆర్వో క్యాన్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు.

అమెరికాలో ఇచ్చే టైఫాయిడ్ ఇంజెక్షన్ రెండేళ్లు నిండిన పిల్లలకే వేస్తారు. ప్రయాణానికి రెండు వారాల ముందు వేయించాలి. దాని రక్షణ రెండేళ్లే కాబట్టి గతసారి వచ్చినప్పుడు వేయించాంలే అనుకుని ఊరుకుంటే కుదరదు. రెండేళ్లలోపు పసివాళ్లకు పనికొచ్చే టైఫాయిడ్ టీకా మాత్రం ఉంది. ఆరు నెలల వయసు నుంచే ఒక్క డోసుతో వేసే కాంజుగేట్ టీకా అది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టైప్‌బార్ టీసీవీకి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దక్కింది. ఈ రకంలో ఆ గుర్తింపు పొందిన మొదటి టీకా అదే. తర్వాత మరో హైదరాబాద్ సంస్థ బయొలాజికల్ ఇ టీకాకూ ఆమోదం వచ్చింది. ఈ రకం టీకాకు అమెరికాలో అనుమతి లేదు కాబట్టి అక్కడి పసిపిల్లలకు అది అందదు. పాపతో నెలల తరబడి ఇక్కడ ఉండే తల్లి, దిగిన వారంలోనే పిల్లల డాక్టర్ను కలిసి దీని గురించి అడగాలి. రెండు మూడు వారాలకు గానీ రక్షణ రాదు కాబట్టి ఆ లోపు తిండీ నీళ్లే కాపలా. ఆ మాటకొస్తే అక్కడ వేసే టైఫాయిడ్ టీకా నూటికి యాభై నుంచి ఎనభై పాళ్ల వరకే కాపాడుతుంది. టీకా వేయించాం కదా అని పానీపూరీ బండి వైపు నడవకండి.

మిగతా టీకాలు త్వరగా చెప్పేస్తాను. పచ్చకామెర్లలో తిండీ నీళ్ల ద్వారా వచ్చే రకానికి వేసే హెపటైటిస్ ఎ టీకా అమెరికా పిల్లలకు మామూలుగానే ఏడాది దాటాక పడుతుంది. తట్టు టీకా కూడా అంతే. అయితే ఆరు నెలలు నిండి ఏడాది నిండని పసికందుతో విదేశీ ప్రయాణం చేసేట్టయితే ఈ రెండూ ఒక్కో డోసు ముందే వేస్తారు. అడగకపోతే అది మరుగున పడిపోతుంది. ఏడాది దాటిన పిల్లలకు తట్టు టీకా రెండు డోసులూ ప్రయాణానికి ముందే పూర్తిచేయొచ్చు, మధ్యలో 28 రోజులు ఉంటే చాలు. నెలకు మించి పల్లెలోనే ఉండేవాళ్లు మెదడువాపు టీకా గురించీ డాక్టర్తో మాట్లాడాలి. ఆ వైరస్ వరిమళ్లలో పెరిగే దోమల ద్వారా, పందుల ద్వారా తిరుగుతుంది.

వీటన్నిటికీ వ్యవధి కావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు డాక్టర్ దగ్గర కూర్చుంటే అన్నీ సర్దుకుంటాయి. ఆలస్యమైందని మానుకోనక్కర్లేదు. వెళ్లే వారంలో కలిసినా పడే సూదులు కొన్ని ఉంటాయి.

కుక్క కరిస్తే కారం అద్దకండి

మన వీధుల్లో కుక్కల సంగతి అందరికీ తెలుసు. అక్కడ పెంపుడు కుక్కల మెడ నిమిరి పెరిగిన పిల్లలు ఇక్కడ వీధి కుక్కనూ అలాగే నిమరబోతారు. పెద్దలు ఎంత చెప్పినా వాళ్ల చేయి ఆగదు. పైగా చిన్న పిల్లలను కుక్క కరిస్తే ముఖం మీదో మెడ మీదో కరుస్తుంది. మెదడుకు దగ్గర కాబట్టి అక్కడి గాయం మరీ ప్రమాదం.

మన ప్రాంతంలో ఇప్పటికీ ఒక అలవాటు ఉంది. కరిచిన చోట కారం అద్దుతారు, సున్నం రాస్తారు, పసుపు పూస్తారు. ఈ మూడూ చేయొద్దు. గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పదిహేను నిమిషాలంటే పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే చాలా పెద్ద సమయం. గడియారం చూసి కడగండి. ఆపై అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మంలోకి ఇచ్చే టీకాను మొదటి రోజు, 3వ, 7వ, 28వ రోజు వేస్తారు. కండకు ఇచ్చే పద్ధతిలో 14వ రోజు డోసు కూడా ఉంటుంది. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. అది లేకుండా పంపించేస్తే ఎక్కడ దొరుకుతుందో అడిగి అక్కడికి పరిగెత్తండి. రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలైతే బతికించే మందు లేదు.

నెలల తరబడి ఉండడానికి వచ్చే పిల్లలకు ముందే వారం తేడాతో రెండు డోసులు వేయించవచ్చు. అప్పుడు కుక్క కరిచినా రెండు సూదులతో సరిపోతుంది, ఇమ్యునోగ్లోబులిన్ కోసం జిల్లాలు తిరగనక్కర్లేదు. నా మట్టుకు, పల్లెలో వేసవంతా గడిపే పిల్లకు ఇది విలాసం అనిపించదు.

సెలవులు వచ్చే నెలలే జ్వరాల నెలలు

అమెరికా బడులకు సెలవులు మే చివర నుంచి ఆగస్టు మధ్య దాకా ఉంటాయి. మనవాళ్ల టికెట్లన్నీ అప్పుడే. మొదట్లో రెంటచింతల ఎండ మాడ్చేస్తుంటుంది. జులై వానలతో దోమలు లేస్తాయి, కొత్తనీరు పాత పైపుల్లోకి చేరుతుంది, ఊరూరా విషజ్వరాలు అన్న వార్తలు మొదలవుతాయి. వీలున్నవాళ్లు సంక్రాంతికి రావడం మేలు. అప్పుడు చేలో పత్తి తీత సాగుతుంటుంది, ఊళ్లో చలి ఉంటుంది, దోమల బెడద కొంత తగ్గి ఉంటుంది. బడి ఒప్పుకోదని తెలుసు. పసిపిల్లలున్నవాళ్లకైనా ఆ వీలుంటుంది కదా.

డెంగీకి మన దగ్గర టీకా లేదు. దాన్ని మోసే దోమ పగలు కుడుతుంది, మంచినీళ్లలో పుడుతుంది. అమ్మమ్మగారి ఇంట్లో అలాంటి చోట్లు ఒకసారి చూడండి. కూలర్ అడుగున నిలిచిన నీళ్లు, పెరట్లో సిమెంటు తొట్టి, మూత సగం పెట్టిన డ్రమ్ము, మేడ మీద పాత టైరు. పిల్లలు రావడానికి రెండు వారాల ముందే వీటిని ఒంపి, తోమి, ఎండబెట్టాలి. ఇది తాతయ్య పని. కిటికీలకు జాలీ కొట్టించండి. దోమతెర మధ్యాహ్నం నిద్రకూ కట్టాలి. డీట్ ఉన్న క్రీము రెండు నెలలు దాటిన పిల్లలకు రాయవచ్చు, చేతులకు మాత్రం వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

మలేరియా ఈ మైదానాల్లో అంతగా వినిపించదు. రాష్ట్రంలో ఆ భారం ఎక్కువగా అల్లూరి సీతారామరాజు జిల్లా, మన్యం ఏజెన్సీలది. అయితే వచ్చినవాళ్లు ఊళ్లోనే ఉండిపోరు, అరకు వెళ్దామంటారు. ఆ కార్యక్రమం ఉంటే డాక్టర్తో ముందే చెప్పి మాత్రలు రాయించుకోవాలి. కొన్ని మాత్రలు ప్రయాణానికి రెండు వారాల ముందు మొదలుపెట్టాలి, తిరిగొచ్చాక కూడా కొన్నాళ్లు వేసుకోవాలి.

నీళ్ల గురించి ఒక మాట. మరిగించి చల్లార్చిన నీళ్లను మించింది లేదు. మజ్జిగలో కలిపే నీళ్లు, నిమ్మరసంలో వేసే ఐసు, పళ్లు తోముకునే నీళ్లు కూడా అవే కావాలి. కనిగిరి, పొదిలి, దర్శి వైపు వెళ్లేవాళ్లకు ఇంకో సంగతి. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నెల రోజుల అతిథికి దాంతో పెద్ద ముప్పు లేదు. జీవితమంతా ఆ నీళ్లే తాగిన పశ్చిమ ప్రకాశం పెద్దల వంగిన నడుములు మాత్రం మనసులో పెట్టుకోవాల్సిన విషయం.

విరేచనాలు పట్టుకుంటే ముందు కావలసింది ఓఆర్ఎస్. దుకాణంలో ఓఆర్ఎస్ అడిగితే అట్టపెట్టెలో తియ్యటి డ్రింకు చేతిలో పెట్టిన రోజులు చూశాం. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పానీయాల మీద ఓఆర్ఎస్ పేరు వాడొద్దని ఆదేశించింది. ఆవిడకు తెలుగు తల్లులంతా రుణపడి ఉన్నారు. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉన్న పొడినే కొనండి. దాని మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్నీ కలపండి. చిక్కగా కలిపితే బలం అనుకోవడం పొరపాటు, అది హాని చేస్తుంది.

చేలోకి, కల్లంలోకి

మనవడికి చేను చూపించాలని తాతయ్యకు ఉంటుంది. చూపించాలి కూడా. ఎర్రగా పరిచిన మిర్చి కల్లం చూడని గుంటూరు పిల్లాడికి ఏదో లోటే. ఆస్తమా ఉన్న పిల్లయితే ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, గాలికి ఎదురుగా నిలబెట్టకూడదు. మిర్చి యార్డులో బస్తాలు దించేచోట ఆ ఘాటుకు అలవాటుపడిన హమాలీలే తువ్వాలు ముక్కుకు కట్టుకుంటారు. కాయలు ముట్టిన చేతులతో పిల్లలు కళ్లు నులుముకుంటారు, కాబట్టి ముందు చేతులు కడిగించండి.

మందు కొట్టిన చేలోకి మాత్రం తీసుకెళ్లొద్దు. పత్తికీ మిర్చికీ మనం కొట్టినన్ని మందులు ఇంకే పైరుకూ కొట్టం. ఎప్పుడు కొట్టారో పాలేరును అడిగాకే గట్టు దాటించండి. ఖాళీ అయిన పురుగుమందు డబ్బా కడిగి నీళ్లకు వాడే అలవాటు ఇంకా ఉంది. ఆ డబ్బాలు పిల్లలకు అందేచోట ఉండకూడదు. తడి నేల మీద చెప్పుల్లేకుండా నడవనివ్వొద్దు. 2025లో గుంటూరు పక్కనే తురకపాలెంలో వరుసగా మరణాలు జరిగినప్పుడు మెలియాయిడోసిస్ అనే రోగం మీద అనుమానం వచ్చింది. ఆ క్రిమి మట్టిలో, నిలిచిన నీళ్లలో ఉంటుంది, కాలి పగుళ్లలోంచి లోపలికి పోతుంది, షుగరున్న పెద్దలను ఎక్కువగా పట్టుకుంటుంది. కాబట్టి ఆ చెప్పులు తాతయ్యకు ఇంకా అవసరం. చీకటి పడ్డాక టార్చిలైటు లేకుండా కల్లం వైపు వెళ్లొద్దు. రక్తపింజరి, కట్లపాము తిరిగే నేల ఇది. కాటు పడితే కోయడాలు, కట్లు బిగించడాలు, మంత్రాలు వద్దు. 108కి ఫోన్ చేసి, విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక రోడ్డు సంగతి. విదేశాలకు వెళ్లే ఆరోగ్యవంతులు ఎక్కువగా చనిపోయేది రోగాలతో కాదు, రోడ్డు ప్రమాదాలతో. అక్కడ కారు సీటులో బెల్టు లేకుండా ఒక్క వీధి కూడా దాటని పిల్లను ఇక్కడ తాతయ్య బండి ట్యాంకు మీద కూర్చోబెట్టి సెంటర్ దాకా తిప్పుతాడు. పిల్ల నవ్వుతుంది, తాతయ్య మురిసిపోతాడు. ఆ ముచ్చట వద్దని చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. అయినా వద్దు. విజయవాడ నుంచి ఊరికి వచ్చే కారులో వెనక సీటు, పిల్లల సీటు అడిగి మరీ పెట్టించుకోండి.

జ్వరం వస్తే

అక్కడి నుంచి తెచ్చిన మందుల సంచిలో ఐబుప్రొఫెన్ సీసా తప్పక ఉంటుంది. ఇక్కడ జ్వరం వస్తే దాన్ని ముట్టుకోవద్దు, ఆస్పిరిన్ కూడా వద్దు. అది డెంగీ అయితే రక్తస్రావం పెరుగుతుంది. పారాసిటమాల్ ఒక్కటే, బరువును బట్టి. ఊళ్లో తెలిసిన ఆర్‌ఎంపీ గారు ప్రేమ కొద్దీ సెలైన్ బాటిల్ ఎక్కిస్తానంటారు. తాగగలిగే పిల్లకు సెలైన్ అవసరం లేదు. సూది వేయాల్సే వస్తే మీ కళ్లముందు కొత్త ప్యాకెట్ చింపించండి. టైఫాయిడ్ అని అనుమానం ఉంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం కల్చర్‌కు పంపమని అడగండి. ఒక్క వైడాల్ పరీక్ష చూసి టైఫాయిడ్ అని తేల్చడం మన దగ్గర బాగా అలవాటైంది. అది నమ్మదగ్గ పద్ధతి కాదు.

ఇటువైపు పెద్దలూ ఒక పని చేయాలి. రెండు వారాలు దాటిన దగ్గు ఇంట్లో ఎవరికున్నా పిల్లలు దిగకముందే క్షయ పరీక్ష చేయించుకోవాలి. క్షయ రాకుండా మన పిల్లలకు పుట్టగానే వేసే బీసీజీ అమెరికా పిల్లలకు వేయరు. అమ్మమ్మ, తాతయ్య ఫ్లూ టీకా వేయించుకుంటే ఇద్దరికీ మంచిది, ఒళ్లో కూర్చునే మనవరాలికీ మంచిది.

టైఫాయిడ్ క్రిమి లోపలికి పోయాక నెల దాకా బయటపడకపోవచ్చు. మలేరియాలో ఒక రకం నెలల తర్వాత కూడా తిరగబెడుతుంది. అంటే గుంటూరులో పట్టుకున్న జ్వరం అట్లాంటాలో బయటపడుతుంది. అక్కడి ఎమర్జెన్సీ గదిలో కూర్చున్న డాక్టర్కు అది ఫ్లూ లాగే కనిపిస్తుంది. తిరిగి వెళ్లిన ఏడాదిలోపు పిల్లకు జ్వరం వస్తే డాక్టర్తో మొదటి మాటగా ఇండియా వెళ్లొచ్చామని, ఏ ఊళ్లో ఎన్నాళ్లు ఉన్నామని, ఏ టీకాలు వేయించామని చెప్పండి. వాళ్లు అడిగేదాకా ఆగకండి.